ఊ చివర మెలిక

నాలుగు స్క్రూల్లో మూడు తేలిగ్గానే ఊడి వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మేస్త్రి దాని మీద రెండు చుక్కలు కిరోసిన్ వేసి, కాసేపు ఆగి, స్క్రూడ్రైవర్ ఆనించి పిడి మీద అరచేత్తో తట్టాడు. బలం పెడితే గాడి అరిగిపోతుంది. అందుకని ఎడమ చేత్తో బోర్డుని గోడకి అదిమి పట్టి, కుడి చేత్తో పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ ఉన్నాడు.

ఆయన వెనక సందర్శకులు ఆగారు. కోటలో అందరూ ఆగే చోటు అదే. బురుజులూ, గుర్రాల సాలా, వంటిల్లూ చూసి వచ్చేసరికి కాళ్ళు పీకుతుంటాయి, పిల్లలు నీళ్ళ కోసం గోల చేస్తుంటారు. అయినా ఈ గది చూడకుండా ఎవరూ మెట్లు దిగరు. ఒకాయన మేస్త్రి భుజం తట్టి, ఒక్క నిమిషం పక్కకి జరుగుతారా, ఫొటో తీసుకుంటాం అన్నాడు. మేస్త్రి జరిగాడు. ఆయన తన పిల్లలిద్దరినీ బోర్డు కింద నిలబెట్టి, మెడలు వాల్చి నాలుకలు బయటపెట్టమన్నాడు. పిల్లలు నవ్వుతూ అలాగే చేశారు. వాళ్ళ తలల మీద, వెలిసిన తెల్ల రంగులో, నల్లటి అక్షరాలు నాలుగు: ఉరి గది.

ఆ నాలుగు అక్షరాలూ ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మేస్త్రి రాసినవే.

ఊళ్ళో ఆయన్ని అచ్చు మేస్త్రి అంటారు. చేత్తో రాసినా అచ్చులో పోసినట్టు ఉంటుందని ఆ పేరు వచ్చింది. ఆయన బడికి వెళ్ళింది రెండేళ్ళే. తండ్రి తలుపులకీ కిటికీలకీ రంగులు వేసేవాడు. డబ్బా అడుగున మిగిలిన రంగుతో ఈయన మూతబడిన కొట్టు తలుపుల మీద, ఎదురు కొట్టు బోర్డు చూస్తూ, బొమ్మ గీసినట్టు అక్షరాలు గీసేవాడు. చదవడం రాకముందే రాయడం వచ్చింది. ఇరవై దాటాక ఒక్కో అక్షరం పేరూ అడిగి తెలుసుకుని చదవడం పట్టుబడింది. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పని విధానం ఆయన సొంతం.

ఏ బోర్డుకైనా ముందు వెనకవైపు పెన్సిల్‌తో మొత్తం రాసుకుంటాడు. ఏ అక్షరానికి ఎంత చోటు పడుతుందో అప్పుడు తేలుతుంది. తర్వాత ముందువైపు సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, లావు బ్రష్షుతో అక్షరాల ఒళ్ళు దించుతాడు. అది ఆరాక సన్న బ్రష్షుతో రెండో విడత: గుడులు, కొమ్ములు, ఒత్తులు, కొసలు. లావు బ్రష్షు పట్టిన చేత్తో వెంటనే సన్న పని చేస్తే గీత వణుకుతుంది. అందుకే రెండు విడతలు.

నాలుగో స్క్రూ ఊడింది. మేస్త్రి బోర్డు దించి, వెనక్కి తిప్పి, బూజు తుడిచాడు. చెక్క మీద పెన్సిల్ గీతలు మాసిపోయినా ఆనవాలు తెలుస్తూనే ఉన్నాయి. ఊరి గది. ఊకి చివర మెలిక పొందిగ్గా, తన చేతి వాటంలోనే ఉంది. ఉంటుందని తెలుసు. అయినా చూశాక బోర్డు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

కోటని మొదటిసారి జనానికి తెరిచినప్పుడు పదకొండు బోర్డులు అడిగారు. ఆఫీసు గుమాస్తా కాగితం తెచ్చి, ఒక్కో పేరూ చదివి అర్థం చెప్పాడు. ఊరి గది అంటే ఊరందరి గింజలూ దాచుకునే గది అట. కరువు వస్తే తాళం తీసి ఇంటికింత అని కొలిచి ఇచ్చేవాళ్ళట. అది రాజుది కాదు, ఊరిది. అందుకే ఆ పేరు. మేస్త్రికి అది నచ్చి, ఆ బోర్డు మీద అక్షరాలు కాస్త పెద్దవి పెట్టాడు.

రెండో విడతలో పది బోర్డులకి అన్నీ పడ్డాయి. ఈ ఒక్కదానికి ఊ చివర మెలిక పడలేదు. గది అన్న మాటలో గుడి మరిచిపోతే గద అయి కంటికి ఇట్టే తెలుస్తుంది. మందుగుండు అన్న మాటలో కొమ్ము ఎగిరిపోతే చదివేవాడి నాలుక తడబడుతుంది. ఊకి మెలిక పోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఉరి అన్నది కూడా నిండు మాటే. తప్పు తప్పులా కనబడలేదు కాబట్టి రాసినవాడి కన్నూ దాటింది, గోడకి బిగించినవాడి కన్నూ దాటింది. గుమాస్తాకి అప్పటికే బదిలీ అయింది, ఆయన తెచ్చిన కాగితం ఫైళ్ళలోకి చేరలేదు.

ఎనిమిది నెలల తర్వాత కోటలో కమ్మీలకి రంగు వెయ్యడానికి వెళ్ళినప్పుడు మేస్త్రి దాన్ని చూశాడు. మర్నాడు పొద్దున్నే సన్న బ్రష్షు, చిన్న డబ్బాలో నల్ల రంగు పట్టుకుని వచ్చాడు. నిచ్చెన ఎక్కబోతుంటే కోట గైడు చెయ్యి పట్టుకున్నాడు. గైడు మాటకారి. ఆ గది గురించి అప్పటికే ఒక కథ అల్లేసి ఉన్నాడు. పైన దూలానికి తాడు రాపిడి గాడి ఉంది. అది చూపించి ఎన్ని మెడలు విరిగాయో చెప్పేవాడు, పది లెక్కపెట్టేదాకా తలుపు మూసేవాడు. బయటికొచ్చినవాళ్ళు వెళ్ళి ఇంకో పదిమందిని పంపేవాళ్ళు.

"ఒరేయ్ అచ్చూ, ఆ మెలిక పెట్టావంటే నా నోట్లో మట్టి కొట్టినవాడివవుతావు. గింజలు దాచిన గది చూడ్డానికి ఎవడొస్తాడురా? పైగా నువ్వు తప్పు రాశావని తెలిస్తే ఆఫీసువాళ్ళు నీకు ఇంకో బోర్డు ఇస్తారా?"

రెండో మాట మేస్త్రికి తగిలింది. పనికి వంక పెట్టించుకోవడం ఆయనకి చేతకాదు. డబ్బా మూత పెట్టేశాడు. తర్వాత ముప్పై ఏళ్ళూ కోటలో ప్రతి బోర్డూ ఆయన చేతి మీదుగానే వెళ్ళింది.

ఉరి ఉన్నాక ఉరి తీసేవాడు కావాలి. కోట కింద వీధిలో, నీలం తలుపుల ఇంట్లో, గోడకి మూరెడు పొడుగు ఇనప తాళంచెవి వేలాడుతూ ఉండేది. కోటలో ఒక గది తాళం తమ తాతలు కాపాడేవాళ్ళని ఆ ఇంటివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అంతకుమించి వాళ్ళకీ తెలియదు. కోట మూతబడి మూడు తరాలయింది. వీధిలో వాళ్ళని తాళాలోళ్ళు అనేవాళ్ళు. గైడుకి అది చాలింది. గోడ మీద నుంచి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు: అదిగో, నీలం తలుపులు, తలారి ఇల్లు.

జనం కోట దిగి వచ్చి కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు. గడప దగ్గర నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. రెండేళ్ళు తిరక్కుండా తాళాలోళ్ళు కాస్తా ఉరోళ్ళు అయ్యారు. ఇంటాయన వడ్రంగి. ఆయన చేసిన ఉయ్యాలలు ఆ చుట్టుపక్కల లేని ఇల్లు లేదు. అలాంటిది ఉయ్యాల చేయించుకోవడానికి మనిషి రావడం ఆగిపోయింది. తలుపులకీ బెంచీలకీ వచ్చేవాళ్ళు, ఉయ్యాలకి మాత్రం వేరే వీధికి పోయేవాళ్ళు. కొడుకు పదహారో ఏట బడిలో ఎవడి పన్నో రాలగొట్టి, ఊరు వదిలి పోయాడు. ఎక్కడో ఇంటిపేరు మార్చుకుని బతుకుతున్నాడని ఒకసారి ఉత్తరం వచ్చింది, మళ్ళీ రాలేదు. కూతురికి రెండు సంబంధాలు మాటలదాకా వచ్చి, ఇల్లు ఏదో తెలిశాక తప్పిపోయాయి. ఆమె కుట్టుమిషను పెట్టుకుంది. కొత్త బట్టలు ఎవరూ ఇవ్వరు. చిరిగినవీ, వదులైనవీ, సంచులూ వస్తాయి.

ఇదంతా మేస్త్రి కళ్ళ ముందే జరిగింది. ఆయన షెడ్డు ఆ పక్క వీధే.

ఒకరోజు సాయంత్రం వడ్రంగి షెడ్డుకి వచ్చాడు. కాస్త టర్పెంటైన్ కావాలన్నాడు. సీసా చేతికిచ్చినా కదల్లేదు. అటూ ఇటూ చూసి అడిగాడు.

"అబ్బాయ్, ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం నువ్వు చూశావు కదా. అందులో అలాగే ఉందా?"

"వాళ్ళిచ్చిందే రాశాను బాబాయ్."

వడ్రంగి తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "మా తాత చేతులు అచ్చం నా చేతులేనట. మా అమ్మ అనేది," అన్నాడు. టర్పెంటైన్ సీసా బల్ల మీదే మరిచిపోయి వెళ్ళాడు. ఆ వారంలోనే తాళంచెవిని గోనెగుడ్డలో చుట్టి నదిలో పారేశాడని వీధిలో చెప్పుకున్నారు. ఏడాదిన్నరకి పోయాడు. పనిముట్లన్నింటికీ నూనె రాసి వరసగా పెట్టి మరీ పోయాడట.

గైడు పోయి కూడా ఆరేళ్ళయింది. కథ పోలేదు. కొత్త గైడులు దాన్ని పాఠంలా అప్పజెబుతున్నారు.

కోటలో కిందటేడు తవ్వకాలు మొదలయ్యాయి. తవ్వకాల ఆఫీసరమ్మ పని తెలిసిన మనిషి. ఎండలో కూర్చుని మట్టి తనే జల్లెడ పడుతుంది, కుంచెతో పెంకుల మీద దుమ్ము తనే దులుపుతుంది. మేస్త్రికి ఆమె అంటే గౌరవం. ఆ గది నేలలో ఆమెకి మాడిన గింజలూ, రాతి తూకపు గుండ్లూ దొరికాయి. ఉరి తీసే గదిలో గింజలెందుకున్నాయని ఆమె ఏడాది పాటు ఆలోచించింది. ఫైళ్ళన్నీ తిరగేసింది. అన్నింట్లోనూ ఉరి గది అనే ఉంది. ఆ ఫైళ్ళన్నీ బోర్డు చూసి రాసినవేనని ఆమెకి ఎలా తెలుస్తుంది? చివరికి ఒక నిర్ణయానికి వచ్చి, పాత బోర్డు దించి కొత్తది రాసిమ్మని మేస్త్రికి కాగితం ఇచ్చింది. అందులో ఇలా ఉంది: ఉరి గది. మొదట ధాన్యం దాచిన ఈ గదిని తర్వాతి కాలంలో ఉరిశిక్షలకు వాడారు.

మేస్త్రి మెట్టు మీద కూర్చుని జేబులోంచి ఆ కాగితం తీసి మరోసారి చదివాడు. ఇన్నాళ్ళూ అది మెలిక లేని ఒక అక్షరం. ఇప్పుడు దానికి గింజలూ గుండ్లూ సాక్ష్యం వచ్చి నిలబడ్డాయి. ఇది ఒకసారి రాసి గోడకెక్కిస్తే ఇక ఎవరు వచ్చి చెప్పినా దిగదు. నీలం తలుపుల ఇంట్లో ఇంకా ఒక మనిషి బతికే ఉంది.

ఆఫీసుకి వెళ్ళాల్సినవాడు ముందు వడ్రంగి కూతురి దగ్గరికి వెళ్ళాడు.

ఆమె ఒక ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. ఒకసారి నాతో కోటకి రావాలమ్మాయ్ అన్నాడు. ఆమె తల ఎత్తకుండానే, "ఎందుకన్నా, నన్ను కూడా చూపించి టికెట్టు కొడతారా?" అంది. ఆయన నిలబడి ఉన్న తీరు చూసి ఆమె మిషను ఆపింది.

కోటకి సెలవు రోజున ఇద్దరూ వెళ్ళారు. కావలివాడు మేస్త్రిని చూసి గొళ్ళెం తీశాడు. ఆ ఇంట్లో పుట్టి యాభై నాలుగేళ్ళు వచ్చినా ఆమె ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. తవ్విన గుంటల చుట్టూ తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చివరి గది గడప దగ్గర ఆగింది.

"రా అమ్మా. ఏమీ లేదు లోపల."

లోపల నిజంగానే ఏమీ లేదు. చల్లటి రాతి గోడలు, ఎత్తున ఒక వెలుతురు కన్నం, అడ్డంగా దూలం. మేస్త్రి కావలివాడి స్టూలు తెచ్చి వేసి, దూలం గాడి చూపించాడు. ఉరితాడైతే ఒక్కసారి బిగుస్తుందని, చెక్కని ఇంత లోతున తినదని చెప్పాడు. రోజూ పైకీ కిందకీ ఊగే బరువు కడితేనే అంత గాడి పడుతుంది. అది తక్కెడ కట్టిన చోటు. తర్వాత సంచిలోంచి పాత బోర్డు తీసి ముందువైపు చూపించాడు, తిప్పి వెనకవైపు చూపించాడు. గుమాస్తా చెప్పినదీ, రెండో విడతలో తను మరిచినదీ, డబ్బా మూత పెట్టేసినదీ, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. మధ్యలో ఎక్కడా తన తరఫున మాట కలపలేదు.

ఆమె స్టూలెక్కి ఆ గాడిలో బొటనవేలు పెట్టి, కుట్టు సరిచూసినట్టు, ఆ చివరనుంచి ఈ చివరదాకా తడిమింది.

"నాన్న వచ్చి అడిగేనాటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే అన్నావా ఆ మాట?"

"తెలిసే అన్నానమ్మా."

ఆమె స్టూలు దిగింది. దిగాక గోడకి ఆనుకుని నిలబడింది. షెడ్డునుంచి ఇంటికొచ్చిన సాయంత్రం నాన్న తన చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నాడని చెప్పింది. కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడట. అప్పటినుంచి ఆమె తల మీద చెయ్యి వెయ్యడం మానేశాడట. ఎందుకని అడిగితే, ఎందుకొచ్చిందిలే అనేవాడట.

మేస్త్రి నోరు తెరవబోయాడు.

"క్షమించమని అడక్కు. అది నా దగ్గర లేదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "కుట్టు తప్పు పడితే విప్పి మళ్ళీ కుడతాను. విప్పిన చోట సూది చిల్లులు కనబడతాయి. కనబడితే కనబడనీ. నువ్వు మెలిక పెట్టేసి, మొదటినుంచీ ఇలాగే ఉందన్నట్టు చెయ్యకు. తప్పు పడిందని రాయి. ఎవరిదో కూడా రాయి. అలా అయితేనే రాయి, లేకపోతే పాతదే ఉండనీ. అలవాటైపోయింది."

మేస్త్రి చెప్పిందంతా విని, ఆఫీసరమ్మ బోర్డు వెనక పెన్సిల్ గీతల్ని భూతద్దం పెట్టి చూసింది. ఆ తర్వాత భూతద్దం బల్ల మీద పెట్టి, జల్లెడలో మిగిలిన మట్టివైపు చూసింది. ఏడాది ఆలోచన ఒక్క మెలికలో పోయింది. అయినా మేస్త్రిని ఒక్క మాట కూడా అనలేదు. గింజలకీ గుండ్లకీ ఇప్పుడు లెక్క సరిపోయిందని మాత్రం అంది. పేరు ఊరి గది అని మార్చడానికి వెంటనే ఒప్పుకుంది. రెండో సంగతి దగ్గరే పేచీ వచ్చింది. తప్పులు ఒప్పుకుంటూ బోర్డులు పెట్టడం ఎక్కడా లేదని, పైవాళ్ళు ఒప్పుకోరని, పేరు మారిస్తే చాలదా అని అడిగింది.

మేస్త్రి ఎప్పుడూ ఇచ్చిన కాగితానికి ఎదురు చెప్పినవాడు కాదు.

"అయితే వేరేవాళ్ళ చేత రాయించండి మేడమ్. రాసేవాళ్ళు ఉన్నారు."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ. ఆ మాట లేకుండా నా చెయ్యి సాగదు."

రెండు రోజులు కబురు లేదు. మూడో రోజు ఆమే స్వయంగా షెడ్డుకి వచ్చింది. దారిలో నీలం తలుపుల ఇంటి దగ్గర ఆగి వచ్చినట్టుంది, చేతిలో జిప్పు బాగుచేయించుకున్న పెంకుల సంచి ఉంది. కాగితం ఇచ్చింది. పైవాళ్ళకి తనే జవాబు చెప్పుకుంటానంది. ఆమె రాసిన వాక్యంలో పొరపాటున అనే మాట ఉంది. మేస్త్రి ఆ మాట మీద వేలు పెట్టాడు. మెలిక మరవడం పొరపాటు, తర్వాతది పొరపాటు కాదు అన్నాడు. ఆమె కలం తీసి ఆ మాట కొట్టేసి, ఆయన చెప్పినట్టు రాసింది.

చెక్క కొత్తది తీసుకున్నాడు. పగుళ్ళకి లప్పం పట్టి, ఆరాక ఇసక కాగితంతో రుద్ది, తెలుపు రెండు పూతలు వేశాడు. పెన్సిల్‌తో వెనక రాసుకోవడానికే ఒక పూట పట్టింది. ఇప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది. మణికట్టు కింద కర్ర ఆన్చుకుని, ఊపిరి బిగబట్టి లావు బ్రష్షు దించాడు. ఒళ్ళు దించడం ఒక రోజు, ఆరడం ఒక రోజు. సన్న బ్రష్షుతో రెండో విడత పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాటాక ముగించాడు. తర్వాత చివరి అక్షరంనుంచి మొదటి అక్షరందాకా వెనక్కి సరిచూశాడు. ముందునుంచి చదివితే మాట కన్నుని మోసం చేస్తుంది. వెనకనుంచి అయితే ఒక్కో అక్షరం విడిగా నిలబడి లెక్క చెబుతుంది.

ఆఫీసువాళ్ళకి కబురు పెట్టే ముందు నీలం తలుపుల ఇంటికి కబురు పెట్టాడు. ఆమె మెడలో టేపుతోనే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. పెదవులు కదుపుతూ చదివింది.

ఊరి గది. కరువు రోజులకని ఊరివాళ్ళు గింజలు దాచుకున్న చోటు. తాళం కాపాడిన ఇంటివాళ్ళు ఊరి తిండి కాపాడారు. ఇంతకుముందు ఇక్కడ ఉరి గది అని ఉన్న బోర్డు తప్పు. రాసిన అచ్చు మేస్త్రి తెలిసీ దిద్దలేదు.

రెండోసారి కూడా చదివింది. తమ్ముడికి ఫొటో తీసి పంపుదామంటే వాడిప్పుడు ఏ పేరుతో ఉన్నాడో కూడా తెలియదని, ఆయనతో కాదు, బోర్డుతో అన్నట్టు అంది. మెడలో టేపు సర్దుకుంది. కుట్టాల్సినవి ఉన్నాయని వెళ్ళిపోయింది. మేస్త్రి ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాడు.

నాలుగు గంటలకి ఆఫీసు బండి వచ్చింది. దిగిన ఇద్దరిలో ఒకడు, బోర్డు తీసేసినప్పటినుంచి జనం ఉరి గది ఎక్కడ అని ప్రాణం తీస్తున్నారని, ఇక ఈ గింజల గది దగ్గర ఎవరూ ఆగరని చెప్పాడు. ఆగకపోతే పోనీ అన్నాడు మేస్త్రి. కింది వరస ఇంకా పచ్చిగా ఉంది, రేపటిదాకా చెయ్యి తగలనివ్వొద్దన్నాడు. బోర్డు అంచులకి పాత గుడ్డ చుట్టి, ఒక వైపు తను పట్టి, రెండో వైపు వాళ్ళ చేత పట్టించి, బండిలో పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టించాడు. తాడు ముడి రెండుసార్లు లాగి చూశాడు. చెయ్యి తుడుచుకుని, వాళ్ళు ఇచ్చిన రసీదు మీద సంతకం చేసి, కాగితం వాళ్ళకి తిరిగి ఇచ్చేశాడు.